కంబళి కప్పుకున్న హరిశ్చంద్రుడు

ఖైదీలతో నాటకం ఆడించడానికి వెళితే జైలు గేటు దగ్గర హార్మోనియం విప్పించి చూస్తారన్న సంగతి బయట చాలామందికి తెలియదు. పై మూత తీస్తారు, మెట్ల కింద రీడ్ల పలక చూస్తారు, వెనక తిత్తి సాగదీసి మడత మడతకీ వేలు పెట్టి తడుముతారు. ఉత్తరం దాగొచ్చు, బ్లేడు దాగొచ్చు, గంజాయి పొట్లం దాగొచ్చు. వాళ్ళ ఉద్యోగం అది. అయితే విప్పే మనిషికి ఆ పెట్టె గుట్టు తెలియకపోతే ఇత్తడి రీడు మీద దుమ్ము పడుతుంది, ఆ స్వరం పలకడం మానేస్తుంది, లేదా తుమ్మెదలా రొద పెడుతుంది. అందుకని మనమే పక్కన నిలబడి విప్పాలి, మనమే బిగించాలి. స్క్రూడ్రైవరు గేటులోనే ఉండిపోతుంది. తబలా సుత్తి కూడా లోపలికి రాదు. తబలా గేటు దగ్గరే శ్రుతి చేసుకుని వెళ్ళాలి. లోపలికి వెళ్ళాక ఎండకి మూత బిగుసుకుని శ్రుతి పైకి పోతే, హెడ్ వార్డరు గారిని బతిమాలి సుత్తి తెప్పించుకుని, ఆయన ఎదుటే నాలుగు దెబ్బలు వేసి, ఆయన చేతికే తిరిగి ఇచ్చెయ్యాలి.

గుంటూరు, విజయవాడ జైళ్ళలో నాటకం ఆడించడమంటే ఆ రోజుల్లో ఇలా మొదలయ్యేది. మన రాష్ట్రంలో అక్టోబరు 2ని ఖైదీల సంక్షేమ దినంగా జైళ్ళలో జరుపుతారు. ఆటల పోటీలు, వ్యాసాల పోటీ, బహుమతులు, మధ్యాహ్నం మిఠాయితో భోజనం. వాటన్నిటికీ ముందు, పొద్దున పది గంటలకి నాటకం. ఆ ఒక్క పొద్దుటి కోసం ఆగస్టు నెలాఖరు నుంచీ పని నడిచేది.

పొద్దున పదింటికి పద్య నాటకమేమిటని బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. అదే బెజవాడ గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయంలోనో, గుంటూరులో వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో నాటకమంటే రాత్రి భోజనాలయ్యాక మొదలయ్యే వ్యవహారం. జైల్లో పొద్దు గూకకముందే లెక్క చూసి బ్యారక్‌లకి తాళాలు పడతాయి. కాబట్టి శ్మశానఘట్టం కూడా పట్టపగటి ఎండలోనే జరగాలి. చీకటి లేదు, రంగు దీపాలు లేవు, పొగ లేదు. నటుడి గొంతు, ముఖం, ఒంటి మీద బట్ట, అంతే. పగటి వెలుతురులో రంగు ఎక్కువ పూస్తే ముఖం గోడలా కనిపిస్తుంది. రాత్రి నాటకానికి పూసేదాంట్లో మూడో వంతు చాలు.

ఏ నాటకం వెయ్యాలన్న దగ్గర ప్రతి ఏడూ అదే వాదన వచ్చేది. పైనుంచి వచ్చే పెద్దలకి ఒక రకం నాటిక ఇష్టం. మొదటి రంగంలో తాగుడు, రెండో రంగంలో దొంగతనం, మూడో రంగంలో జైలు, నాలుగో రంగంలో కన్నీళ్ళు పెట్టుకుని మారిపోవడం. దాన్ని ఖైదీలు ఒప్పజెప్పేస్తారు, చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేస్తారు, మర్నాటికి ఎవరి మనసులోనూ ఒక్క ముక్క మిగలదు. ఎందుకంటే ఆ మాటలు వాళ్ళవి కావు. కోర్టులో, స్టేషన్లో, ములాఖత్‌లో అందరూ వాళ్ళకి చెప్పిన మాటలే అవి. పైగా ఆ నాటికలో పోలీసు పాత్ర ఉంటుంది. ఖాకీ బట్టలు వేషానికి కూడా లోపలికి రానివ్వరు. ఆ బట్టలు వేసుకుని ఎవరైనా గేటు దాటితే ఇంకేముంది!

హరిశ్చంద్ర నాటకానికి ఖాకీ అక్కర్లేదు. అది మా గుంటూరు సీమ సొత్తు కూడా. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకానికి వినుకొండ జాషువా గారి శ్మశాన పద్యాలు కలిసిపోయి ఊరూరా మోగిన ప్రాంతం ఇది. పేరు రాయడం రాని మనిషికి కూడా కాటికాపరి పద్యాల్లో ఒకటో రెండో వచ్చి ఉంటాయి. తిరునాళ్ళలో విన్నవి, తండ్రి మంచె మీద పాడగా విన్నవి. సర్వం పోగొట్టుకుని, పేరు కూడా పోగొట్టుకుని, ఒకడి కింద కావలి కాసే మనిషి కథ అది. దాన్ని ఖైదీకి విడమరచి చెప్పక్కర్లేదు. అప్పు తీర్చమని వెంటబడి వేధించే నక్షత్రకుణ్ణి చూసి బయట జనం ఎంత నవ్వుతారో, లోపల అంతకు రెండింతలు నవ్వుతారు. అప్పులవాడి పోరు పడని ఇల్లు వాళ్ళలో ఎందరికుంది?

పాత్రలు ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే సగం నాటకం తేలిపోతుంది. జిల్లా జైళ్ళలో ఎక్కువమంది రిమాండు ఖైదీలు. పెద్ద శిక్ష పడ్డవాళ్ళని రాజమండ్రి సెంట్రల్ జైలుకి పంపేస్తారు. రిమాండు మనిషి గొంతు ఎంత బాగున్నా పెద్ద పాత్ర ఇస్తే మునిగిపోతాం. నాటకం ముందురోజు బెయిలు వస్తుంది. లేదా సరిగ్గా ఆ వారమే వాయిదా పడి, కోర్టుకి వెళ్ళి రాత్రికి వాడిపోయి వస్తాడు. అందుకని హరిశ్చంద్రుడు, చంద్రమతి, నక్షత్రకుడు ముగ్గురూ శిక్ష పడి, వంటశాలలోనో తోటలోనో పనిచేసే వాళ్ళలోంచే రావాలి. వాళ్ళని కూడా ముందుగా అడగాల్సింది ‘పద్యం వచ్చా’ అని కాదు, ‘విడుదల ఎప్పుడు’ అని. జెండా పండగలకీ గాంధీ జయంతికీ ప్రభుత్వం శిక్ష తగ్గించే ఉత్తర్వు ఇస్తే లెక్కలు తారుమారవుతాయి. అలా వెళ్ళిపోయిన నటుడి గురించి ఎవరూ బాధపడేవాళ్ళు కాదు. ప్రతి పెద్ద పాత్రకీ పక్కన ఇంకొకడు పద్యాలన్నీ నేర్చుకుని సిద్ధంగా ఉండేవాడు. నటుడు మాట మరిచిపోతే వెనకనుంచి అందించడానికి కూడా ఆ రెండోవాణ్ణే పెట్టుకుంటే రెండు పనులూ జరుగుతాయి.

చంద్రమతి వేషం దగ్గర చాలా జాగ్రత్త కావాలి. మగవాళ్ళ జైల్లో ఆ వేషం మగవాడే కట్టాలి. నాజూగ్గా ఉన్నాడని కుర్రవాణ్ణి ఎంచుకోవడం పెద్ద తప్పు. నాటకం ఒక గంట, బ్యారక్ బతుకు ఏళ్ళు. ఆ గంట తరవాత వాడికి ఒక పేరు అంటుకుంటుంది, ఏడిపిస్తారు, రాత్రుళ్ళు ఇంకా ఘోరాలు జరగొచ్చు. నలభై దాటిన, పదిమందీ అన్నా అని పిలిచే మనిషి, ఎవరూ వేలెత్తి చూపలేని మనిషి కట్టాలి చంద్రమతి వేషం. అతను మొహమాటపడితే బాపట్ల స్థానం నరసింహారావు గారి సంగతి చెప్పేవాళ్ళం. ఆడవేషాలతోనే పేరు తెచ్చుకుని, 1956లో పద్మశ్రీ అందుకున్న మనిషి అని. చీర కూడా చిక్కే. పొడుగాటి గుడ్డ ఏదైనా జైల్లో ప్రమాదమే, ఉరికి పనికొస్తుందని. అందుకే చీర గేటు పుస్తకంలో రాయించి తేవాలి, రంగం అయిపోగానే విప్పించి, మడతపెట్టి, వెంటనే వార్డరుకి అప్పజెప్పాలి.

గడ్డాలూ మీసాలూ అతికించే జిగురులో స్పిరిట్ ఉంటుంది కాబట్టి అది రాదు. హరిశ్చంద్రుడి వేషగాణ్ణి వినాయక చవితి దాటగానే గడ్డం వదిలెయ్యమనేవాళ్ళం, ముందుగా అనుమతి తీసుకుని. అక్టోబరు 2 నాటికి అసలు గడ్డమే వచ్చేది. పాత నాటకాలవాళ్ళు ముఖానికి పూసుకునే అరిదళం విషం, దాని మాటే ఎత్తకూడదు. పసుపు, కుంకుమ, కాటుక, ముఖానికి పౌడరు, వీటితోనే అన్ని వేషాలూ కట్టొచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. కాటికాపరికి ఒంటినిండా బూడిద కావాలని వంటశాల పొయ్యిలోది పూస్తే చెమటతో కలిసి క్షారం ఊరి, కళ్ళు భగ్గున మండుతాయి. పద్యం మధ్యలో నటుడు కళ్ళు నులుముకోవడం మొదలుపెడతాడు. విభూతి పూస్తే ఆ గొడవ లేదు. నాటకం అయ్యాక ముఖాలు కడిగించాకే లెక్కకి నిలబెట్టాలి. గడ్డాలు, కిరీటాలు ఉన్నవాళ్ళని లెక్కపెట్టడం వార్డర్లకి ఇబ్బంది, లెక్క తప్పితే అందరికీ ఇబ్బంది.

కాటికాపరి చేతి కర్ర నిజమైనది పనికిరాదు. కాగితంతో చెయ్యాలి. తెలుగు దినపత్రిక పెద్ద కాగితాలు ఒక పన్నెండు తీసుకుని, ఒకదాని మీద ఇంకొకటి జిగురు రాస్తూ, అతుకు మీద అతుకు రాకుండా జరుపుకుంటూ గట్టిగా చుట్టుకుపోతే నాలుగడుగుల కర్ర వస్తుంది. అతుకులన్నీ ఒకచోటే పడితే సరిగ్గా అక్కడే వంగుతుంది. జిగురు మైదాతో కాచాలి, గుప్పెడు పిండికి అరలీటరు నీళ్ళు. బయట పోస్టర్లవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం కాబట్టి జైల్లోకి రాదు. అది లేని జిగురు మన బెజవాడ ఉక్కపోతకి రెండోరోజుకే పులిసి కంపు కొడుతుంది, చేసిన వస్తువుని బొద్దింకలూ ఎలకలూ కొరికేస్తాయి. అందుకని ఏ రోజుకి ఆ రోజు కొంచెమే కాచుకోవాలి, చేసిన సామాను నేల మీద పెట్టకుండా వేలాడదీయాలి. మట్టి కుండ పగిలితే పెంకు కత్తితో సమానం. కాబట్టి కుండ కూడా కాగితందే. రబ్బరు బంతికి నూనె రాసి, చింపిన కాగితం ముక్కలు ఆరేడు పొరలు అంటించి, ఆరాక సగానికి చీల్చి బంతి తీసేసి మళ్ళీ అతికించాలి. ఒక్కో పొర పూర్తిగా ఆరాకే రెండోది వెయ్యాలి. సెప్టెంబరు ముసుర్లలో ఒక్కో పొరకి ఒకటిన్నర రోజు పడుతుంది. తొందరపడితే లోపల బూజు పట్టి, పైన మసి పూసినా వాసన చెబుతుంది. ఈ పనికి నటుల కంటే మాటలు తక్కువైన మనుషులు ముందుకొచ్చేవాళ్ళు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తల ఎత్తకుండా కాగితం చింపుతూ కూర్చునేవాళ్ళు.

తెరకి తాడు కట్టనివ్వరు. దానికి విరుగుడు మన కూచిపూడిలోనే ఉంది. దుప్పటి రెండు కొసలూ ఇద్దరు పట్టుకుని నిలబడతారు. పాత్ర తెర వెనక నుంచే పద్యం ఎత్తుకుంటుంది, దుప్పటి దించగానే ముఖం కనిపిస్తుంది. అందించేవాడు కూడా ఆ దుప్పటి వెనకే.

అందించడంలో ఒక కిటుకుంది. చదువురాని నటుడు పద్యాన్ని అర్థంతో కాదు, చెవితో పట్టుకుంటాడు. ఉత్పలమాల, శార్దూలం వంటి వృత్తాల్లో నాలుగు పాదాలకీ రెండో అక్షరంలోని హల్లు ఒకటే, అదే ప్రాస. పాదం మరిచిపోయి నిలబడిపోతే మొత్తం మాట అరిచి చెప్పక్కర్లేదు, ప్రాసాక్షరం ఉన్న మొదటి మాట చెవిలో వేస్తే చాలు, తక్కినది అదే దొర్లుకుంటూ వస్తుంది. సీసం అయితే ప్రతి పాదాన్నీ రెండుగా విరిచి, ఒక ఊపిరికి ఒక ముక్క చొప్పున నేర్పాలి. కింద తేటగీతి వచ్చేసరికి ఊపిరి ఉండాలి కదా! శ్రుతి దగ్గర అందరూ పొరపాటు చేస్తారు. పేరున్న నటులు ఐదున్నరలో పాడారని వీళ్ళనీ అక్కడికి ఎక్కిస్తే బీడీ గొంతులు పై షడ్జం దగ్గర పగిలిపోతాయి. హార్మోనియం లేకుండా పద్యంలో అన్నిటికన్నా పై స్వరం పాడించి, గొంతు ఎక్కడ తడబడిందో చూసి, అక్కడికి ఒక మెట్టు దించి కట్టాలి. మూడు, నాలుగు చాలు. ఇంకో చిక్కు ఏమిటంటే, రాత్రి తాళాలు పడ్డాక వాళ్ళు గొంతు తగ్గించి సాధన చేస్తారు. పక్కవాడు తిట్టకుండా రెండులోనే పాడుకుని పాడుకుని, పొద్దున హార్మోనియం పక్కకి వచ్చేసరికి గొంతు పైకి లేవదు. అందుకని రాత్రి మాటలు మాత్రమే వల్లెవేసుకోమనీ, రాగం పగలే తియ్యమనీ చెప్పాల్సి వచ్చేది.

నాటకంలో పాత్ర దొరకని వాళ్ళకి గోడపత్రిక ఉండేది. పెద్ద చార్టు, దాని మీద చేత్తో రాసిన కాగితాలు మైదా జిగురుతో అంటించడం. గుండుసూది, పిన్ను, స్పైరల్ తీగ ఏదీ ఉండకూడదు. రాయించడంలో మొదటి నియమం, కేసు సంగతి రాయకూడదు. సిగ్గుపడమని కాదు. అప్పీలు నడుస్తున్న మనిషి రాసిన ఒక్క వాక్యం రేపు అతని మీదికే రావచ్చు. కేసు వద్దంటే ఏం రాయాలో తోచక అందరూ అమ్మ మీద రాసుకొచ్చేవాళ్ళు, అన్నీ ఒకేలా ఉండేవి. అప్పుడు వచన కవిత పక్కన పెట్టి ఆటవెలది చేతికిస్తే దారి దొరికేది. వేమన పుణ్యమా అని ఆ నడక అందరి చెవుల్లోనూ ఉంది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదట యతి. గురువుకి అరచేత్తో దరువు, లఘువుకి వేలితో తట్టు. నమూనాగా పలక మీద ఇలా కట్టి చూపించేవాళ్ళం:

గేటు దాట లేని గీతపై నిలబడి
కొడుకు ముఖము చూచె కోర్కె తీర
మాట రాదు నోట, మధ్యన జాలీలు
వేలు వేలు తాకె, వెలుగు పుట్టె

ములాఖత్ జాలీలో వేలికొన మాత్రమే దూరుతుంది. ఆ సంగతి వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. గేటు-దాట-లేని అని ముగ్గురు కలిసి దరువు వేసేసరికి నాలుగోవాడు తన మాట వెతుక్కోవడం మొదలుపెట్టేవాడు. గణం కుదరక ఒక మాట తీసి ఇంకో మాట పెట్టే తంటాలో మనిషి తన బాధని అటూ ఇటూ తిప్పి చూసుకుంటాడు. వచనంలో ఆ అవసరం రాదు.

జైల్లో రాత ఏమిటని ఈసడించేవాళ్ళకి మా దగ్గర జవాబు ఉండేది. బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాతకే 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు జైలుకెళ్ళారు. మన గుంటూరు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ‘మాలపల్లి’ రాసింది 1922లో వేలూరు జైల్లో. నిర్బంధంలో ఉన్న మనిషి అణువు మీద రాసిన మరాఠీ పుస్తకాన్ని అచ్చుకి పంపుకోనివ్వాలని 1965లో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లో మన విశాఖ జైలు ఖైదీలు వేసిన కేసులోనే చెప్పింది. అయినా రాసిన ప్రతి కాగితం సూపరింటెండెంటు గారి బల్ల మీదికి వెళ్ళి రావాల్సిందే, నాటకం ప్రతి కూడా. మూడు వారాల ముందే ఇస్తే ఆఖరి నిమిషంలో పాదం కొట్టేసే ప్రమాదం తప్పుతుంది.

ఇక చివరి ఘట్టం. కాటిలో హరిశ్చంద్రుడు చంద్రమతిని పోల్చుకుంటాడు, తనకి తప్ప ఎవరికీ కనిపించని మంగళసూత్రం చూసి. ఆ తరవాత రాజాజ్ఞ ప్రకారం ఆమె మీద కత్తి ఎత్తాలి. బయట ఆ చోట జనం ఊపిరి బిగపడతారు, దేవతలు దిగివస్తారు, చప్పట్లు మోగుతాయి. జైల్లో ఆ ముందు వరసల్లో హత్య కేసుల కింద, వరకట్నం చావుల కింద వచ్చినవాళ్ళు కూర్చుని ఉంటారు. ఎవరు ఏ కేసో మనం అడగకూడదు, అడగం. కానీ భార్య మీద చెయ్యెత్తి ఇక్కడికి వచ్చిన మనిషి ఎదుట, ఆ చెయ్యి ధర్మం కోసమే లేచిందని పద్యం పాడించడం తప్పు. అది అట్టకత్తే కావచ్చు, చెయ్యి మాత్రం నిజమైనది. అందుకని పోల్చుకోవడంతోనే దుప్పటి పైకి లేపించేవాళ్ళం. కత్తి లేదు, దేవతలు లేరు, పోయిన రాజ్యం తిరిగి రావడం లేదు. సుఖాంతం ఏదయ్యా అని పెద్దలు నొచ్చుకున్నారు కూడా. ఖైదీలు మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. పోల్చుకున్న పద్యానికి వార్డర్లతో సహా వన్స్ మోర్ అనేవాళ్ళు. ఎండలో నిలబడి అతను మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకునేవాడు.

అయిపోయాక గేటు పుస్తకం తెరిచి ఒక్కొక్కటీ టిక్కు పెట్టించుకోవాలి. హార్మోనియం ఒకటి, తబలా జోడు, సుత్తి ఒకటి, చీర ఒకటి, కిరీటాలు రెండు. కాటికాపరి గొంగడి మాత్రం ఆ పట్టీలో ఉండేది కాదు. అది జైలు వాళ్ళు ఇచ్చిన నల్ల కంబళి. విభూతి మరకలు దులుపుకుని, దాన్ని నాలుగు మడతలు వేసి చంకన పెట్టుకుని, అతను లెక్కలో నిలబడటానికి వెళ్ళేవాడు. రాత్రికి కప్పుకోవడానికి అదే ఉంది.